అంచున ఉన్న గోధుమరంగు స్లాటు

పాత మదర్‌బోర్డుల్లో ఒక అంచున, మిగతావాటికి ఎడంగా, చిటికెన వేలంత గోధుమరంగు స్లాటు ఒకటి ఉండేది. ఇప్పుడు ల్యాప్‌టాపులు విప్పుతున్న తమ్ముళ్ళు దాన్ని చూసి ఉండరు. చూసిన మా తరానికీ అదెందుకో తెలియదు. ఆ రోజుల్లో కంప్యూటర్ కొన్న ప్రతి పెద్దమనిషీ, ఎద్దుకి పళ్ళు చూసినట్టు, డబ్బా మూత తీయించి లోపలంతా చూసేవాడు. అన్నీ చూసి చివరికి వేలు తెచ్చి దాని మీదే పెట్టేవాడు.

"ఇదేటిది?"

తెలియదంటే రిపేరువాడి పరువేం కావాలి? అందుకని మనిషిని బట్టి చెప్పేవాణ్ణి. పిసినారికైతే, "కంపెనీవోడికి పలాస్టిక్ మిగిలిపోనాదండి" అని. అనుమానం మనిషికైతే, "దొంగోడు ఏలెడితే పట్టేస్తాదండి" అని. రైస్ మిల్లు యజమాని ఒకాయన ఉండేవాడు, మహా భక్తుడు. ఆయనకి "బొట్టెట్టుకోడానికండి" అన్నాను. దసరాకి ఆయన నిజంగానే ఆ స్లాటులో కుంకుమ వేయించాడు. మర్నాడు ఫోన్ చేసి, "పూజయ్యాక స్పీడు పెరిగిందయ్యా" అన్నాడు. నేను కాదనలేదు. భక్తుడితో వాదించి నెగ్గినవాడు మా నర్సీపట్నంలో లేడు.

నా చదువు ఎనిమిదితో సరి. తెలివి లేక కాదు, బెంచీ మీద కూర్చోలేక. కాలు ఊపకుండా, చెయ్యి గీకకుండా నలభై నిమిషాలు ఉండడం నా వల్ల కాలేదు. రేడియో షాపులో చేరాను, అక్కడినుంచి టీవీలు, టీవీల నుంచి కంప్యూటర్లు. మాన్యువల్ చదవడం రాదు కాబట్టి, ఏ స్లాటులో ఏది పడుతుందో పెట్టి చూసి నేర్చుకున్నాను. పొడుగాటి నల్ల స్లాటు పాతకాలం కార్డులకి. తెల్లవి కొత్తవాటికి. ఇంకా పాత బోర్డుల్లో ప్రాసెసరు పక్కన ఒక స్లాటు ఉండేది, అందులో చిన్న పలక గుచ్చితే మిషను కాస్త చురుగ్గా కదిలేది. చాలామంది అది ఖాళీగా ఉండగానే మిషను అమ్మేశారు, పాపం. ఈ గోధుమరంగుదొక్కటే నాకు అంతు చిక్కలేదు. బోర్డు కొన్నప్పుడు దాంతోపాటు డబ్బాలో అప్పుడప్పుడు ఒక బుల్లి కార్డు వచ్చేది. విశాఖపట్నం డీలర్ని అడిగితే, "అదెందుకూ పనికిరాదు, పక్కన పడెయ్" అనేవాడు. వాడి దగ్గర అమ్ముకోవాల్సిన మోడెములున్నాయి మరి, ఫోన్ తీగ మీదుగా ఇంటర్‌నెట్ తెచ్చే కార్డులు. వాడి మాట నమ్మి నేనూ పెట్టి చూడలేదు. ఆ బుల్లి కార్డులు రెండు నా షాపులో టేబుల్ ఫ్యాను కాలి కింద ఎత్తుకి పనిచేసేవి. అదొక్కటే వాటి ఉద్యోగం.

ఆ ఏడాది వానాకాలం వాయుగుండం పట్టింది. మధ్యాహ్నం పూట ఒక పిడుగు, ఊళ్ళోనే పడిందేమో అన్నంత చప్పుడు. చప్పుడు తగ్గీ తగ్గకముందే నా షాపులో ఫోన్ మోగింది. ఇంటర్‌నెట్ సెంటరు మాస్టారు. ఆయన రిటైరైన హిందీ మాస్టారు, నన్ను ఏడులో రెండుసార్లు ఫెయిల్ చేసిన మహానుభావుడు. రిటైరయ్యాక ఇంటి కింది గదిలో మూడు కంప్యూటర్లు పెట్టి సెంటరు తెరిచాడు. వాటికి నేనే వైద్యుణ్ణి.

"ఒరేయ్, బేగి రా. పొగొచ్చింది."

"ఏ మిషనుకండీ?"

"అది చూడ్డానికే కదరా నిన్ను రమ్మన్నది!"

వెళ్ళాను. ఫోన్ తీగ మీదుగా వచ్చిన పిడుగు మోడెం కార్డుని నల్లగా కాల్చి, మిషన్లని కలిపే తీగ వెంట పోయి, మిగతా రెండింటినీ చంపేసింది. మొదటి మిషను మాత్రం, మోడెం పోయినా, మామూలుగా లేచి నిలబడింది. ఊళ్ళో ఇంకో రెండు సెంటర్లుండేవి. వాళ్ళకి ఫోన్ చేశాను. అక్కడా అదే కథ. ఒక్క ఉరుముతో నర్సీపట్నంలో ఉన్న మోడెములన్నీ బూడిదయ్యాయి.

"రెండు రోజులు సెలవెట్టండి మాస్టారూ. వాన తగ్గాక విశాఖపట్నం ఎల్లి తెస్తాను" అంటుండగా గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. సిస్టరమ్మ.

ఆవిడది మిషన్ చర్చి కుటుంబం. కొన్నేళ్ళు ఏజెన్సీలో, కొండల మీద గిరిజనుల ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేసి, తర్వాత ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌లో కుదిరింది. ఆ నర్సింగ్ హోమ్ ఈ మధ్యే మూతపడింది. గల్ఫులో ఒక ఆసుపత్రివాళ్ళు నర్సుల్ని తీసుకుంటున్నారు. దూరాభారం ఉన్నవాళ్ళు తమ ఊళ్ళోనే ఇంటర్‌నెట్ ముందు కూర్చుని, మైకులో మాట్లాడి ఇంటర్వ్యూ ఇవ్వొచ్చని హైదరాబాదు ఏజెంటు ఏర్పాటు చేశాడు. ఆవిడ ఇంటర్వ్యూ మర్నాడు మధ్యాహ్నం. మాస్టారి సెంటర్లో.

"రేపటికి అవుతాదా మాస్టారూ?" అంది. మిషన్లకేసి చూడలేదు, మా మొహాలకేసి చూసింది. జవాబు అక్కడే దొరికినట్టుంది.

"పోనీ పొద్దున్నే బస్సెక్కి విశాఖపట్నం పోమ్మా. అక్కడ సెంటర్లు బోలెడు" అన్నారు మాస్టారు.

"తాళ్ళపాలెం రోడ్డు మీద నీళ్ళు పారుతన్నాయంట. బస్సులు ఆపేసినారు. బస్ కాంప్లెక్సుకెళ్ళే వస్తన్నాను."

"తేదీ మార్పించుకో అయితే."

"వచ్చే నెల్లో నాకు వాళ్ళెట్టిన వయసు దాటిపోద్దండి. ఈసారికే నేను పనికొస్తాను." ఆగి, "మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే" అంది.

ఈ ముక్క విన్నాక నాకు కూర్చోవడం చేతకాలేదు. లేచి గదంతా తిరిగాను. మాస్టారు విసుక్కున్నారు.

"కాలుకాలిన పిల్లిలాగ తిరక్కురా. కూర్చుని ఆలోచించు."

"కూకుంటే నాకు ఆలోచన రాదండి. వచ్చుంటే మీ హిందీయే వచ్చేది."

తిరుగుతూనే విప్పిన మిషను దగ్గర ఆగాను. కాలిన కార్డు తీసేశాక లోపల బోసిగా ఉంది. ఆ బోసితనంలో అంచున ఉన్న గోధుమరంగు స్లాటు ఎప్పుడూ లేనంత స్పష్టంగా కనిపించింది. బుల్లి కార్డు గుర్తొచ్చింది. దానికి ఫోన్ తీగ గుచ్చే కన్నం ఉంది! ఇన్నాళ్ళూ ఆ కన్నాన్ని చూస్తూ ఫ్యాను కింద పెట్టాను. ఫోన్ తీగ పట్టే కార్డు మోడెం కాక జల్లెడ అవుతుందా?

వానలో పరుగెత్తి షాపుకెళ్ళి ఫ్యాను ఎత్తాను. రెండిట్లో ఒకటి విరిగిపోయి ఉంది. రెండోది తెచ్చి, బంగారు పూత ఉన్న అంచుని రబ్బరుతో రుద్దాను. మా వృత్తిలో సగం వైద్యం పెన్సిల్ రబ్బరే, ఇది మాత్రం రాసి పెట్టుకోండి. ఆ స్లాటులో గుచ్చితే టక్కుమని కూర్చుంది. బోర్డుతో వచ్చిన సీడీ పెడితే మిషను దాన్ని మోడెమని గుర్తుపట్టింది.

ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆ స్లాటు పెట్టినవాళ్ళ ఎత్తుగడ ఏమిటంటే, మోడెములోని ఖరీదైన సగాన్ని తీసేసి, ఆ పని ప్రాసెసరు నెత్తిన పడేయడం. అందుకే కార్డు బుల్లిది. అయితే బోర్డు మీద ఉండే సౌండుకీ ఆ బుల్లి కార్డుకీ లోపల దారి ఒక్కటే. కొన్ని బోర్డుల్లో ఇద్దరూ సర్దుకునేవారట. మా బోర్డులో సర్దుకోలేదు. మోడెం రాగానే గడియారం పక్కనుండే పసుపు స్పీకరు బొమ్మ మాయమైంది. బోర్డు మీద ఒక చిన్న జంపరుంటే, అంటే పిన్నులకి తొడిగే బియ్యపుగింజంత టోపీ, దాన్ని ఇటునుంచి అటు మార్చాను. స్పీకరు వచ్చింది, మోడెం పోయింది. మళ్ళీ మార్చాను. మోడెం వచ్చింది, స్పీకరు పోయింది. అచ్చం సవతుల కాపురం.

"అంటే ఏటన్నయ్యా?" అంది సిస్టరమ్మ.

"అంటే గల్ఫు దాకా లైనెల్తాది. ఆళ్ళు పిలిస్తే నీకు వినబడదు. నువ్వు పలికితే ఆళ్ళకి వినబడదు."

"అలాంటి పెళ్ళిళ్ళు చాలా చూశాను" అన్నారు మాస్టారు. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

సిస్టరమ్మ గొడుగు విప్పుతూ, "పొద్దున్నే వస్తాను. ప్రార్థన చేసుకుంటాను. మీరూ ఏదో ఒకటి చేయండి" అని వెళ్ళిపోయింది. ఆ 'ఏదో ఒకటి' నా చెవిలో ఉండిపోయింది. భోజనం దగ్గర కూడా కంచంలో వేలితో స్లాటులు గీస్తుంటే మా ఆవిడ పప్పు గరిటె చూపించింది.

తెల్లవారి చూసేసరికి వాన అలాగే ఉంది. మాస్టారి గుమ్మం ఎక్కుతూ అడిగాను.

"మాస్టారూ, మీ మొట్టమొదటి కంప్యూటరు ఏం చేశారు?"

"ఇక్కడే, ఈ గదిలో అటక మీద ఉందిరా. దాన్ని పారేయడానికి మనసొప్పలేదు."

"పారెయ్యకపోడమే మంచిదయ్యింది. తప్పుకోండి, నేనెక్కుతాను."

అటక మీద ఆవకాయ జాడీల వెనక, బూజు కప్పుకుని ఉంది ఆ పెట్టె. అందులో జానెడు పొడవున సౌండు కార్డు, బోర్డు మీది సౌండుతో పనిలేకుండా విడిగా పలికేది. పాతకాలందే, పొడుగాటి నల్ల స్లాటుది. కింది మిషనులో ఆ నల్ల స్లాటు ఒక్కటి మిగిలి ఉంది. ఆ తర్వాతి బోర్డుల్లో అదీ తీసేశారు. ఇంకో ఏడాది ఆగి మాస్టారు మిషను కొని ఉంటే ఈ కథ లేదు.

గుచ్చాను. మిషను బిగుసుకుపోయింది. బుల్లి మోడెమూ పొడుగు సౌండు కార్డూ రెండూ, మిషను కార్డులకిచ్చే నంబర్లలో, ఒకే నంబరు కావాలని కూర్చున్నాయి. పొడుగుదాని మీద ఉన్న జంపర్లు ఒక్కొక్కటీ మార్చి చూస్తూ వచ్చాను. ఒకచోట గొడవ ఆగింది. పసుపు స్పీకరు బొమ్మ వచ్చింది. మోడెమూ ఉంది. నేను ఎగిరి గంతేస్తే నా తల అటక దూలానికి తగిలింది. మాస్టారు జీవితంలో మొదటిసారి నన్ను "శాబాష్" అన్నారు, హిందీలో.

అప్పటికి సిస్టరమ్మ వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్లచీర, జడకి నల్ల రిబ్బను. "ఆళ్ళకి నువ్వు కనబడవు సిస్టరమ్మా, మాటే ఎల్తాది" అన్నాను. "నాకు నేను కనబడాలి కదన్నయ్యా" అంది.

పరీక్షకని ఏజెంటు ఆఫీసుకి లైను కలిపాం. అటువైపు మాట వినబడింది. ఆవిడ తెర మీది 'టాక్' అన్న బటన్ మౌసుతో నొక్కి పట్టుకుని మాట్లాడితే వాళ్ళకీ వినబడింది. అయితే ఆవిడ నొక్కినంతసేపూ అటునుంచి ఏమీ రావడం లేదు. తెర మీద ఇంగ్లీషులో ఏదో డబ్బా లేచింది. నేను మాస్టారికేసి చూశాను, మాస్టారు కళ్ళజోడు సవరించుకుని సిస్టరమ్మకేసి చూశారు.

ఆవిడ చదివింది. "ఈ కార్డు ఒకేసారి ఒకటే పని చేస్తాదంట. వింటే పలకదు. పలికితే వినదు."

పాత కార్డు లక్షణమే అది. నాకు తట్టలేదు. పాటలు వినడానికి కొన్న కార్డు కదా, అది మాట్లాడగలదనే ఎవరూ అనుకోలేదు. నా నీరసం చూసి మాస్టారన్నారు:

"పోలీసు జీపులో వైర్‌లెస్ సెట్టు ఉంటుంది చూడు, అలాగన్న మాట. ఒకడు 'ఓవర్' అన్నాకే ఇంకొకడు మాట్లాడతాడు."

"ఇంటర్వ్యూలో ఓవర్ అంటే ఓవరైపోద్దండి" అన్నాను.

"ఓవర్ అనమని ఆళ్ళని నేను అడుగుతాను" అంది సిస్టరమ్మ. "ముందే చెప్పేస్తాను, మా లైనిలాగ ఉన్నాదని. కొండ మీద నాకు అలవాటే. కొండోళ్ళ భాష నాకు రాదు. రోగి చెప్పడం అయ్యాక ఆయా నాకు తెలుగులో చెప్పీది, నేను చెప్పింది అయ్యాక ఆళ్ళకి చెప్పీది. మధ్యలో ఎవరు నోరెట్టినా మందు మారిపోద్ది."

ఇంకో గండం ఉంది. ఫోన్ లైను ఒక్కటే, దాని కొసన పైన మాస్టారి ఇంట్లో ఇంకో ఫోను. ఎవరైనా అక్కడ రిసీవరు ఎత్తితే ఇక్కడ నెట్ పుటుక్కుమంటుంది. మాస్టారు మేడెక్కి ఫోను ఊడదీసి తెచ్చి, పసిపిల్లాణ్ణి పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పైనుంచి ఆయన భార్య కేక: "అల్లుడుగారు ఫోన్ చేస్తానన్నారండీ!"

"చేయనీ! ఇవాళ అల్లుడికంటే సిస్టరు ముఖ్యం!"

మధ్యాహ్నమైంది. లైను కలిసింది. అవతల ఆసుపత్రిలో నర్సుల పెద్ద, యాసను బట్టి మలయాళీ ఆవిడ. అంతా ఇంగ్లీషే. నాకు అర్థమైంది తక్కువ, తర్వాత సిస్టరమ్మ చెప్పగా తెలిసింది ఎక్కువ. ముందుగానే మా లైను సంగతి చెప్పి, మాట ముగిశాక 'ఓవర్' అనమని అడిగింది. అవతలావిడ "ఓకే. ఓవర్" అంది. మాస్టారు ఫోనుని గట్టిగా అదుముకున్నారు.

ప్రశ్న, ఓవర్. జవాబు, ఓవర్. సాఫీగా పోతోంది. నేను మాత్రం ఆవిడ కుర్చీ వెనక నిలబడలేక, గుమ్మం దాకా వెళ్ళడం, రావడం. ఒకసారి తిరిగొచ్చేసరికి అవతలావిడ ఏదో పెద్ద ప్రశ్న అడుగుతోంది. డాక్టర్, ఫోన్, ఇంజెక్షన్ అన్న మాటలు నాకూ అందాయి. అక్కడ ఆగింది. స్పీకర్లో చప్పుడు లేదు. ఓవర్ అనలేదు. సిస్టరమ్మ బటన్ నొక్కలేదు.

లైను పోయిందేమో? తెర మీద చూశాను, ఉంది. మరి ఈవిడ మాట్లాడదే? మర్చిపోయిందా? బెదిరిందా? అవతలావిడ, ఈ పిల్లకి జవాబు రాదనుకుంటే? నేను చేతులు ఊపాను. మూతి ఆడించాను. "సెప్పు, సెప్పు" అని గాలిలో అన్నాను. ఆవిడ కదలదు. చివరికి నా చెయ్యి దానంతటది మౌసు మీదకి పోయింది. సిస్టరమ్మ తల తిప్పకుండానే ఛట్‌మని నా చేతి మీద ఒక్కటిచ్చింది. సూది పోటు కూడా అంత చురుక్కుమనదు.

అప్పుడు స్పీకర్లో కాగితం తిప్పిన చప్పుడు. అవతలావిడ ప్రశ్నలో రెండో సగం చదివి, "ఓవర్" అంది.

ప్రశ్న ఇది. డాక్టరు ఫోన్లో ఫలానా రోగికి ఫలానా ఇంజెక్షన్ ఇవ్వమన్నాడు, వెంటనే ఇవ్వమన్నాడు, నువ్వేం చేస్తావు? ఇది మొదటి సగం. రెండో సగం ఏమిటంటే, మందు తీసుకుని మంచం దగ్గరికి వెళ్తే రోగి చేతి పట్టీ మీద వేరే పేరుంది.

సిస్టరమ్మ బటన్ నొక్కి, తొందరేమీ లేకుండా, ఇంజెక్షన్ ఇవ్వను అని మొదలుపెట్టింది. రోగినే పేరు అడుగుతాను, డాక్టరుకి మళ్ళీ ఫోన్ చేస్తాను, ఆయన తిట్టినా చేస్తాను అంది. ఓవర్ అంది. బటన్ వదిలింది.

అవతల మళ్ళీ కాగితం చప్పుడు. ఈసారి నా చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను.

అవతలావిడ అందట: "పొద్దుటి నుంచి నేను మాట్లాడిన వాళ్ళందరికీ మీకంటే మంచి లైను ఉంది. నేను కాగితం తిప్పేలోపల అందరూ ఇంజెక్షన్ ఇచ్చేశారు. మీరొక్కరే నా ప్రశ్న పూర్తిగా విన్నారు. మీ సర్టిఫికెట్లు ఏజెంటుకి పంపండి. మిమ్మల్ని తీసుకుంటున్నాం. ఓవర్."

ఈ ఇంగ్లీషు నాకు ముక్క అర్థం కాలేదు. సిస్టరమ్మ భుజాలు చూసి అర్థమైంది. బల్ల మీద తల పెట్టేసింది. బటన్ నొక్కాల్సిన వేలు చీర కొంగులో ఉంది.

"హలో? ఓవర్" అంది అవతలావిడ.

మాస్టారు నన్ను చూశారు. నేను మాస్టారిని చూశాను. ఆయన ఒళ్ళో ఫోను, లేవలేరు.

"హలో? ఆర్ యూ దేర్? ఓవర్."

ఇక లాభం లేదు. వంగి మౌసు పట్టుకుని బటన్ నొక్కాను. ఈసారి ఎవరూ కొట్టలేదు. మైకు ముందుకి మూతి పెట్టి, ఎనిమిదో తరగతి దాకా నేర్చుకున్నదంతా కూడగట్టుకున్నాను.

"మేడమ్. సిస్టర్ క్రయింగ్."

"జాయ్ అనరా, జాయ్!" అన్నారు వెనకనుంచి మాస్టారు.

"జాయ్ క్రయింగ్ మేడమ్. ఓవర్."

బటన్ వదిలాను. స్పీకర్లో ముందు ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆపైన నవ్వు. ఇక్కడ సిస్టరమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ తర్వాత కాసేపు అటువైపు గానీ ఇటువైపు గానీ ఎవరూ ఓవర్ అనలేదు.